నూరు జతల చెప్పులు

అనగనగా ఒక రేవు. ఆ రేవుకి ఒక రాజు. ఆ రాజుకి ఒక తాడు.

రాజుకి కోట ఉంటుంది, కిరీటం ఉంటుంది, తాడేమిటని ముఖాలు చూసుకోకండి. చెబుతున్నానుగా, కాస్త నిదానంగా వినండి.

రేవు పేరు పగడాలరేవు. రాజు పేరు కనకవర్మ. ఊరి నడుమ నుంచి పెద్ద నది పారి, అరకోసు దూరంలో సముద్రంలో కలిసేది. ఇళ్ళూ కోటా ఇవతలి ఒడ్డున. పిల్లల బడి అవతలి ఒడ్డున, గుట్ట మీద. వరదొచ్చినా బడి మునగకూడదని అక్కడ కట్టారు. బడి మునగకూడదని అంత ఆలోచించిన పెద్దలు, పిల్లలు నది ఎలా దాటుతారో ఆలోచించలేదు. పెద్దల తెలివి ఒక్కోసారి అలాగే ఉంటుంది.

కట్టాక తప్పుతుందా? ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒక మోకు బిగించారు. మోకంటే మామూలు తాడు కాదు, మన గుప్పిట్లో పట్టనంత లావు. ఆ మోకు ఆసరాగా బల్లకట్టు నడిచేది. పొద్దున్నే అరవైమంది పిల్లలు దాని మీద నది దాటి బడికి వెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చేవారు. మోకు గట్టిగా ఉన్నంతకాలం ఏ భయమూ లేదు. మోకు తెగిందా, ఇక బల్లకట్టు ఆగేది సముద్రంలోనే.

అందుకని ఏటా తొలకరికి ముందు కొత్త మోకు కట్టాలి. దాన్ని పేనడానికి రాజు ఒక తాళ్ళశాల పెట్టించాడు. అందులో నూరుమంది పనివాళ్ళు. మోకుకి మూడు పేటలు. పేటకి ముప్పైముగ్గురు కొబ్బరిపీచు పేనాలి. మూడు పేటలూ కలిపి మెలివేశాక, నూరో మనిషి చివరి ముడి వేయాలి. ఆ ముడి వేసే హక్కు శాలలో పెద్దదైన నూకాలవ్వది. ఆమె ముడి వేసిందంటే మోకు గట్టిదని ఊరికి మాటిచ్చినట్టే.

శాలలోకి చెప్పులతో వెళ్ళకూడదు. చెప్పులకి ఇసుక అంటుకుంటుంది. ఇసుక పీచులో పడితే తాడుని లోపల్నుంచి కోసేస్తుంది. అందుకని అందరూ గుమ్మం ముందు చెప్పులు విడిచి, వరసగా పెట్టి లోపలికి వెళ్ళేవారు.

శాల మీద అధికారి విరూపాక్షయ్య. ఆయనకి పీచుదుమ్ము సరిపడదు. లోపల అడుగుపెడితే చాలు, ఒకదాని మీద ఒకటి తుమ్ములు. అందుకని ఆయన పొద్దెక్కాక వచ్చి, అరుగు మీద పీట వేసుకుని కూర్చుని చెప్పులు లెక్కపెట్టేవాడు. నూరు జతలుంటే నూరుమంది వచ్చినట్టు. ఆ సంఖ్య రాజుకి పంపేవాడు. పన్నెండేళ్ళుగా అదే లెక్క, అదే హాజరు.

ఒక ఏడు వేసవిలో విరూపాక్షయ్య ఎనభై జతలే లెక్కపెట్టాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనభయ్యే.

ఆ మాట విని కనకవర్మ మహారాజు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. చేతిలోని తాంబూలం ఒళ్ళో పడింది.

"నా శాలకి రాకపోవడమా?" అన్నాడు. "ఇరవైమందికి అంత పొగరా? రానివాడి పేరు వాడి వీధిలోనే డప్పు వేయించి చదివించండి. సిగ్గుతో వాడే వస్తాడు."

డప్పు వేయించారు. పేరు చదివించారు. సిగ్గయితే వచ్చింది గానీ మనిషి రాలేదు. ఒక్కరోజు జ్వరమొచ్చి మానినవాడు, వీధిలో తన పేరు మోగాక తల కొట్టేసినట్టయి, మర్నాడు కూడా ఇల్లు కదల్లేదు. చెప్పులు డెబ్భైకి దిగాయి.

"ఇంకా తగ్గారా?" అన్నాడు రాజు, సింహాసనం మీంచి సగం లేచి. "అయితే ఆలస్యంగా వచ్చినవాణ్ణి మధ్యాహ్నందాకా గుమ్మం ముందు ఎండలో నిలబెట్టండి. రావడమంటే ఏమిటో తెలుస్తుంది."

నిలబెట్టారు. ఏం తెలిసింది? ఒక్క ఘడియ ఆలస్యమైనవాడు వీధి మలుపులోనే ఆగి, ఎండకేసి చూసి, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళడం నేర్చుకున్నాడు. మాడి చావడం కంటే మానడం నయమనుకున్నాడు. చెప్పులు అరవైకి దిగాయి.

ఈసారి రాజుకి కోపం కూడా రాలేదు. గాభరా వచ్చింది. బెదిరింపు పనిచేయలేదు కదా, ఆశ పెడదామనుకున్నాడు.

"నెల పొడుగునా ఒక్కరోజు తప్పకుండా ఎవరి చెప్పులు శాల ముందు కనబడతాయో, వారికి పట్టుకండువా, బెల్లం దిమ్మ ఇప్పించండి" అన్నాడు.

విన్నారా? ఎవరు వస్తారో అనలేదు. ఎవరి చెప్పులు కనబడతాయో అన్నాడు.

మర్నాడు పొద్దున్న విరూపాక్షయ్య అరుగెక్కి చూసేసరికి నూరు జతలు! ముత్యాల్లా వరసగా ఉన్నాయి. ఆనందంతో ఆయన పీట మీద కుదురుగా కూర్చోలేకపోయాడు. రెండోరోజూ నూరే. మూడోరోజు నూట ఏడు.

నూట ఏడా? శాలలో ఉన్నదే నూరుమంది కదా? ఆయన కాసేపు గెడ్డం గోక్కున్నాడు. మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ నూట ఏడే. ఎందుకొచ్చిన తంటా అనుకుని, నూరు అని రాసి రాజుకి పంపించాడు. రాజు అది చూసి నవ్వి, ఆ పూట రెండు బూరెలు ఎక్కువ తిన్నాడు.

అసలు సంగతి మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషికే అర్థం కాలేదు. తెల్లవారకముందే ఒకడు బుట్ట నెత్తిన పెట్టుకుని, వీధిలో ఇంటింటికీ ఆగి, పది జతలు పోగుచేసి శాల ముందు పేర్చి వెళ్ళేవాడు. ఒకడి పేరిట పెళ్ళాం ఒక జత, తమ్ముడు ఇంకో జత తెచ్చిపెట్టడంతో జతలు ఎక్కువయ్యాయి. లోపల పీచు పేనుతున్నది ముప్పైఏడుగురు.

అవును, ముప్పైఏడుగురు. నూరుమంది పేనవలసిన మోకు.

నూకాలవ్వ విరూపాక్షయ్య దగ్గరికి వచ్చింది. "బాబూ, చెప్పులొచ్చాయి గానీ మనుషులు రాలేదు. ఒక్కసారి లోపలికొచ్చి చూడండి. ఈ చేతులతో ఒక్క పేటకే దిక్కులేదు" అంది.

"నా లెక్కకి తిరుగులేదు" అన్నాడు ఆయన, ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని. "తొలకరి నెత్తిమీదికొచ్చింది. పాత మోకు ముక్కలు చేసి నడుమ దూర్చండి. పైన కొత్త పీచు చుట్టండి. ఎవరికి కనబడుతుంది?"

"కనబడదు. తెగుతుంది" అంది అవ్వ. "ఆ మోకుకి నేను ముడి వెయ్యను."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని! నువ్వు వెయ్యకపోతే నేను వేస్తాను" అన్నాడాయన. అన్నట్టుగానే గుమ్మం బయటికి మోకు కొస తెప్పించుకుని, అరుగు మీద కూర్చునే ముడి వేశాడు.

అవ్వ కోటకి పరిగెత్తింది. కాపలావాడు ఆపాడు. విన్నపాలు పౌర్ణమినాడు తప్ప వినరన్నాడు. పౌర్ణమికి పదకొండు రోజులుంది. కొత్త మోకు ఆసరాతో బల్లకట్టు కదిలేది రేపే.

ఆ రేపు రానే వచ్చింది. రేవు ఒడ్డంతా తోరణాలు. అరవైమంది పిల్లలు తలస్నానాలు చేసి, పలకలు చంకన పెట్టుకుని నిలబడ్డారు. ఆ అరవైమందిలో రాజుగారి కూతురు తరళ కూడా ఉంది. దానికి ఏడేళ్ళు. బడికి వెళ్ళడం అదే మొదలు. రాజు దాని చెయ్యి పట్టుకుని బల్లకట్టు దాకా నడిపించుకొచ్చాడు.

బల్లకట్టు ముందు నూకాలవ్వ అడ్డంగా కూర్చుని ఉంది.

"లే అవ్వా, పిల్లలు ఎక్కాలి" అన్నాడు రాజు.

"మహారాజా, నన్ను కొట్టించినా లేవను" అంది అవ్వ. ఆమె అక్కడినుంచి కదల్లేదు. "ముందు పిల్లకొక ఇసుక బస్తా చొప్పున అరవై బస్తాలు ఎక్కించండి. ఈత వచ్చినవాళ్ళు ఇద్దరు నడపనీయండి. అవి అవతలికి చేరితే నా తల తీయించండి."

విరూపాక్షయ్య ముందుకొచ్చాడు. "చాదస్తం ప్రభూ. ఇది నూరుమంది పేనిన మోకు. రోజూ లెక్క పంపలేదూ?"

రాజు విసుక్కున్నాడు. కానీ చేతిలో కూతురి చెయ్యి ఉంది కదా. చేతిలో మన పిల్ల చెయ్యి ఉన్నప్పుడు ఎవరి చాదస్తమైనా వినబుద్ధవుతుంది. సరే కానివ్వమన్నాడు.

అరవై బస్తాలూ ఎక్కించారు. బల్లకట్టు కదిలింది. పాతిక బారలు వెళ్ళింది, యాభై బారలు వెళ్ళింది. విరూపాక్షయ్య మీసం మీద చెయ్యి వేశాడు. సరిగ్గా నది నడుమకి వెళ్ళేసరికి, ఎండుకొమ్మ విరిగినట్టు ఫట్‌మని చప్పుడైంది.

మోకు తెగింది.

నడిపే ఇద్దరూ నీళ్ళలోకి దూకారు. బల్లకట్టు గిర్రున తిరిగింది. ఒక పక్కకి ఒరిగింది. బస్తాలు జారడం మొదలుపెట్టాయి. ఒకటి, రెండు, పది, ఇరవై. ఒక్కో బస్తా నీళ్ళలో పడుతుంటే ఒడ్డున ఒక్కో తల్లి తన పిల్లని గుంజి పొట్టకి అదుముకుంది. ఖాళీ బల్లకట్టు ఏటివాలున పోయి సముద్రపు బండలకి కొట్టుకుని, ముక్కలైపోయింది.

అప్పుడు తరళ తండ్రి మొహంలోకి చూసింది.

"నాన్నగారూ, అందులో నా బస్తా ఏది?" అని అడిగింది.

రాజు ఉన్నచోటే ఇసుకలో చతికిలబడ్డాడు. "నాన్నగారూ, చెయ్యి నొప్పెడుతోంది" అని పిల్ల అన్నదాకా, దాని చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

ఈదుకుంటూ వచ్చినవాళ్ళు తెగిన మోకు కొస తెచ్చి ఆయన ముందు పడేశారు. పైన బంగారంలాంటి కొత్త పీచు. లోపల నల్లగా కుళ్ళిన పాత తాడు. రాజు దాన్ని వేళ్ళతో పీకితే పొడిపొడిగా రాలింది.

ఆయన లేచి, తెగిన కొస చేత్తో పట్టుకునే తాళ్ళశాలకి నడిచాడు. ఊరంతా వెనకాల నడిచింది. గుమ్మం ముందు నూరు జతల చెప్పులు చక్కగా పేర్చి ఉన్నాయి. రాజు వాటిని చూశాడు. తలుపు తోసి లోపలికి చూశాడు. మళ్ళీ చెప్పుల్ని చూశాడు.

"నూరు జతలున్నాయి, ముప్పైఏడుగురున్నారు" అన్నాడు. "మిగిలినవాళ్ళేరి?"

విరూపాక్షయ్య గోడకి ఆనుకుని జారిపోతున్నాడు.

"నువ్వు పన్నెండేళ్ళలో ఒక్కసారి లోపలికి తొంగిచూడలేదా?" అని అడిగాడు రాజు.

"తుమ్ములు ప్రభూ" అన్నాడాయన ఏడుపుగొంతుతో. "పైగా... ఎనభై అని రాసిన రోజున తమరు మండిపడ్డారు. నూరు అని రాసిన రోజున నవ్వారు. తమరు నవ్వే లెక్కే రాయడం అలవాటైంది."

ఆ మాట రాజుకి చెంపదెబ్బలా తగిలింది. మండిపడి, "కొరడాలు తెండి. రానివాళ్ళని ఈడ్చుకురండి" అని అరిచాడు.

నూకాలవ్వ చేతులు జోడించింది. "డప్పు వేయించారు, ఎండలో నిలబెట్టారు, ఆశ పెట్టారు. మూడూ అయ్యాయి. ఎందుకు రాలేదని మాత్రం ఎవరూ అడగలేదు మహారాజా. కొరడా ఎక్కడికీ పోదు. ముందు ఒక్కమాట అడిగి చూడండి."

రాజు కొరడావాళ్ళని ఆగమని చెయ్యి ఎత్తాడు. తర్వాత వంగి, గుమ్మం ముందు రానివాళ్ళవని అవ్వ చూపించిన మూడు జతల చెప్పులు తీసుకున్నాడు. కిరీటం పెట్టుకున్న రాజు పనివాళ్ళ చెప్పులు చేత్తో పట్టుకుని వీధిలోకి నడుస్తుంటే ఊరు ముక్కున వేలేసుకుంది.

మొదటి జత పోలమ్మది. రాజు వెళ్ళేసరికి ఆమె చంటిబిడ్డని భుజాన వేసుకుని జోకొడుతోంది. గుమ్మంలో రాజుని, ఆయన చేతిలో తన చెప్పుల్ని చూసి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"భయపడకమ్మా. శాలకి ఎందుకు రావడం లేదో చెప్పు, చాలు" అన్నాడు రాజు.

"బిడ్డని ఎవరి దగ్గర పెట్టిరాను బాబూ? శాలకి తెస్తే పీచుదుమ్ముకి దగ్గు. పెద్దపిల్లకి అప్పగిస్తే దాని బడి పోతుంది. ఒకరోజు నేను మానుతున్నా, ఒకరోజు దాన్ని మాన్పిస్తున్నా" అంది పోలమ్మ.

రాజు ఉలిక్కిపడ్డాడు. ఒక్క ఉయ్యాల లేక అటు శాలా ఇటు బడీ రెండూ ఖాళీ అవుతున్నాయా అనుకున్నాడు.

రెండో జత గవరయ్యది. అతను చేతులు వెనక దాచుకుని నిలబడ్డాడు. చూపించమంటే చూపించాడు. అరచేతుల నిండా పీచు కోసిన గాట్లు. ఉప్పునీటి గుంటల్లో నానిన పీచు తీసి తీసి, గాట్లన్నీ పుండ్లు పడ్డాయి.

"ముందే చెప్పలేదేం?" అన్నాడు రాజు, చూడలేక మొహం తిప్పుకుంటూ.

"చెబితే వినే దిక్కు లేదు గానీ దొరా, మానితే డప్పు మాత్రం సిద్ధంగా ఉంది" అన్నాడు గవరయ్య.

మూడో జత తవిటయ్యది. అతను అరుగు మీద పులిమేక ఆడుతున్నాడు. ఒంట్లో ఏ రోగమూ లేదు, ఇంట్లో ఏ బాధా లేదు. వీడు మాత్రం దొరికాడు సోమరిపోతు అనుకున్నాడు రాజు.

"నిన్నూ అడుగుతున్నాను. ఎందుకు రాలేదు?"

తవిటయ్య లేచి నిలబడ్డాడు. ఉన్నమాట చెప్పేశాడు.

"పన్నెండేళ్ళు ఒక్కరోజు తప్పకుండా వచ్చాను మహారాజా. నా పేరేమిటని ఎవరూ అడగలేదు. మా అమ్మ పోయిన రోజు ఒక్కటే రాలేదు. ఆ సాయంత్రం పాడె ఇంకా వాకిట్లో ఉండగానే నా పేరు డప్పు వేసి చదివారు. ఆ రోజు నుంచీ కాళ్ళు శాలకేసి కదలడం లేదు."

రాజు చేతిలోంచి చెప్పులు జారి కింద పడ్డాయి. ఆ డప్పు వేయించింది తానే. "తప్పయింది నాయనా" అన్నాడు. తవిటయ్య కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

సోమరులే లేరా అంటే, ఉన్నారు. ఊరంతా తిరిగితే నలుగురు దొరికారు. మిగిలిన యాభైతొమ్మిదిమందికి ఏదో ఒక కారణం ఉంది. ఆ నలుగురి కోసం ఊరందరినీ ఎండలో నిలబెట్టామే అని రాజు నొచ్చుకున్నాడు.

మర్నాటికల్లా శాల పక్కన, దుమ్ము తగలని చోట ఉయ్యాలల పాక వెలిసింది. పోలమ్మ పెద్దకూతురు మళ్ళీ పలక పట్టింది. గాట్లకి పసుపూ నువ్వులనూనే, చూడటానికి వైద్యుడూ వచ్చారు. డప్పు పెళ్ళిళ్ళకి వెళ్ళిపోయింది. ఆలస్యమైతే ఆ పని సాయంత్రం చేసి వెళ్ళమన్నారు. విరూపాక్షయ్యని కొలువు నుంచి తీసెయ్యలేదు. అంతకంటే పెద్ద శిక్షే వేశారు. పీట తీసి శాల లోపల వేశారు. నూరుమంది పేర్లూ నోటికి రావాలన్నారు. పాపం, ముక్కుకి గుడ్డ కట్టుకుని, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఒక్కో పేరు నేర్చుకున్నాడు. ఎవరైనా రాకపోతే మధ్యాహ్నంలోగా వాళ్ళింటికి తానే వెళ్ళి, ఏమైందని అడిగేవాడు.

వడ్రంగులు కొత్త బల్లకట్టు కడుతున్నారు. శాలలో పేటలు మళ్ళీ మొదటినుంచి లేస్తున్నాయి. మబ్బులు దిగుతున్నాయి. మోకు అయ్యేదాకా బడి మూసి ఉంచారు.

నాలుగోరోజున రాజు శాల గుమ్మం దగ్గరికి వచ్చి, నూకాలవ్వని పిలిచాడు. "అవ్వా, అందరూ వచ్చినట్టేనా? రానివాళ్ళు ఇంకెవరైనా మిగిలారా?"

"ఒక్కరున్నారు మహారాజా" అంది అవ్వ. "శాల పెట్టి పన్నెండేళ్ళయిందా? ఆయన చెప్పులు ఈ గుమ్మం ముందు ఒక్కరోజు కూడా చూడలేదు."

రాజు నిర్ఘాంతపోయాడు. "పన్నెండేళ్ళా? ఒక్కరోజు కూడానా? ఎవడతను?"

అవ్వ గుమ్మం బయట నిలబడ్డ రాజుగారి పాదాలకేసి చూసింది. వాటికి ముత్యాలు కుట్టిన చెప్పులున్నాయి.

"తమరెందుకు రాలేదు మహారాజా?" అని మెల్లగా అడిగింది.

అడిగిన తీరులో ఎగతాళి లేదు. పోలమ్మని ఆయన ఎలా అడిగాడో, అచ్చం అలాగే అడిగింది. రాజు మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

"లెక్క వస్తోంది కదా, మనుషుల్ని చూడటమెందుకనుకున్నాను" అన్నాడు.

వంగి తన చెప్పులు తానే విప్పాడు. నూరు జతల పక్కన వరసలో పెట్టాడు. లోపలికి వెళ్ళి మూడో పేట దగ్గర, తవిటయ్య పక్కన కూర్చుని పీచు అందుకున్నాడు. సాయంత్రానికి ఆయన అరచేతులు గాట్లు పడ్డాయి. గవరయ్యే నూనె రాశాడు.

తొలి చినుకు పడిన రోజున మోకు పూర్తయింది. నూకాలవ్వ దాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమి, ముడి వేసింది. బల్లకట్టు మీద ఇసుక బస్తాలు ముందు వెళ్ళాయి, క్షేమంగా వెనక్కి వచ్చాయి. అప్పుడు పిల్లలు ఎక్కారు. తరళ ఎక్కబోతూ తండ్రి అరచెయ్యి తిప్పి చూసి, ఆ గాట్ల మీద తన చిన్న చెయ్యి వేసింది. బల్లకట్టు అవతలి ఒడ్డు చేరేదాకా రాజు రెప్ప వెయ్యలేదు.

ఆ ఏటినుంచి పగడాలరేవు తాళ్ళశాల ముందు నూట ఒక్క జతల చెప్పులు ఉండేవి. లోపల నూటొక్కమంది ఉండేవారు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఇది మరవకండి: రానివాణ్ణి దండించేముందు వాడి గుమ్మం దాకా వెళ్ళి ఎందుకు రాలేదని అడగాలి, అలా అడిగే మనిషి ముందు తాను వచ్చి ఉండాలి.